కవర్లు మానేశాం, ఇప్పుడు కూరలు చెత్తలోకి పోతున్నాయి

ప్రశ్న: మియాపూర్_వంటిల్లు

హైదరాబాద్‌లో ఉంటాం, ఇంట్లో నలుగురం. వంటింట్లో కవర్లు తగ్గించాలని నెల నుంచి బజారుకి గుడ్డ సంచి, ఫ్రిజ్‌లో స్టీలు డబ్బాలు వాడుతున్నాం. కవర్లు తగ్గాయి కానీ పారేసే తిండి పెరిగింది. గుడ్డలో చుట్టిన కొత్తిమీర రెండో రోజుకే వడలిపోతోంది. డబ్బాలో పెట్టిన కరివేపాకు నల్లబడుతోంది. ప్యాకెట్ పిండి బదులు ఇంట్లో రుబ్బితే మూడో రోజుకే పులిసిపోతోంది. సంచిలో తెచ్చిన బొంబాయి రవ్వకి పురుగు పట్టింది. ఇక పాల ప్యాకెట్లు, కర్రీ పాయింట్ కవర్లు, చికెన్ కొట్టు కవర్ల సంగతి ఏం చేయాలో తెలియడం లేదు. తిండి పారేయకుండా ఇదంతా కుదిరే పనేనా?

జవాబు: ఆకుకూరల_అరుగు

కుదురుతుందండీ. కొత్తిమీరకి కవరు తడి ఆరిపోకుండా కాపాడేది. రవ్వకి తడి తగలకుండా కాపాడేది. ఈ రెండు పనులకీ ఒకే పొడి గుడ్డ వాడితే ఒకటి వడలిపోతుంది, ఇంకోటి చెమ్మ పడుతుంది. మీకు జరిగింది అదే.

కొత్తిమీర వేళ్లతో ఉన్న కట్టే కొనండి. మట్టి దులిపి, పసుపు పచ్చబడిన ఆకులు ఏరేసి, గ్లాసులో రెండు వేళ్ల లోతు నీళ్లు పోసి వేళ్లు మాత్రమే మునిగేలా నిలబెట్టండి. ఆకు నీళ్లలో తగిలితే అక్కడినుంచే కుళ్లు మొదలవుతుంది. పైన తడిపి గట్టిగా పిండిన పల్చటి గుడ్డ కప్పి ఫ్రిజ్‌లో పెట్టి, రెండు రోజులకోసారి నీళ్లు మార్చండి. వారం దాకా ఢోకా ఉండదు. వేళ్లు కోసేసిన కట్టైతే తడిపి పిండిన గుడ్డలో చుట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టండి. డబ్బా లేకుండా వట్టి గుడ్డే ఉంటే ఫ్రిజ్ గాలికి ఒక్క రాత్రిలో ఆరిపోతుంది.

కరివేపాకుది దీనికి పూర్తిగా వ్యతిరేకం. కడిగి పెట్టకండి, వాడేటప్పుడే కడగండి. రెబ్బలు నీడలో ఒక గంట పరిచి, పైతడి పోయాక, డబ్బా అడుగున పొడి నూలు గుడ్డ, పైన ఇంకోటి వేసి మూత పెట్టండి. స్టీలు మూతకి లోపల పట్టే చెమ్మ ఆకు మీద పడే నల్లబడుతుంది. గుడ్డ ఆ చెమ్మని పీల్చుకుంటుంది, తడిసినప్పుడు మార్చాలి. పచ్చిమిరపకాయలకీ ఇదే పద్ధతి, కాకపోతే తొడిమలు తీసేయాలి, కుళ్లు అక్కడే మొదలవుతుంది. క్యారెట్, ముల్లంగి ఆకులు తుంచి పెట్టండి, లేకపోతే ఆ ఆకులే దుంపలో నీళ్లు లాగేస్తాయి. గోంగూర, తోటకూర మాత్రం ఎలా పెట్టినా రెండు మూడు రోజులే. వారానికి సరిపడా ఒకేసారి తేవడం మానడమే దానికి మందు.

జవాబు: రుబ్బురోలు

పిండి పులవడానికి కారణం డబ్బా కాదు. గిన్నె మొత్తం రోజూ బయటికి తీసి, అరగంట గట్టు మీద ఉంచి, మళ్లీ లోపల పెట్టడం. వెచ్చబడిన ప్రతిసారీ మళ్లీ పులుస్తుంది. మినప్పప్పు ఒక గ్లాసుకి ఇడ్లీ రవ్వ రెండు గ్లాసులు. కలిపిన పిండి గిన్నెలో సగానికి మించకుండా పోయండి, పొంగుతుంది. ఎండాకాలం ఆరు గంటలు, చలికాలం పది పన్నెండు. పొంగగానే రెండు మూడు చిన్న డబ్బాల్లోకి మార్చి ఫ్రిజ్‌లో వెనక వైపు పెట్టండి, తలుపు అరలో వద్దు. ఏ పూట డబ్బా ఆ పూట తీయండి. నాలుగో రోజుకి పులుపెక్కితే ఊతప్పం, ఆ తర్వాత కొంచెం బియ్యప్పిండి, జీలకర్ర, ఉల్లిపాయ కలిపి పునుగులు. పారేయాల్సిన అవసరమే రాదు.

రవ్వ: పురుగు గుడ్లు చాలాసార్లు కొట్టు నుంచే వస్తాయి, సంచి చెమ్మ వాటికి తోడవుతుంది. తేగానే సన్న సెగ మీద రంగు మారకుండా వేయించి, పూర్తిగా చల్లారాక స్టీలు డబ్బాలో పోయండి. వేడిగా పోస్తే ఆవిరి పట్టి ఉండలు కడుతుంది. కందిపప్పుకి కిలోకి ఒక టీస్పూను ఆముదం పట్టించి ఆరబెట్టేది పాత పద్ధతే, ఇప్పటికీ దాన్ని మించింది లేదు. వండేముందు బాగా కడగాలి, అంతే.

ఇంకోటి. ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు పారేసి కొత్తగా స్టీలువి కొనకండి. పప్పులు పోసుకోవడానికి అవి ఇంకా పదేళ్లు పనికొస్తాయి.

జవాబు: కిరాణా_కాటా

బయట కొనే వాటి సంగతి. చికెన్‌కి మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా తీసుకెళ్లండి, కిలోకి రెండు లీటర్ల డబ్బా హాయిగా సరిపోతుంది. ముందు ఖాళీ డబ్బా కాటా మీద పెట్టించి సున్నా చేయించండి. ఈ ఒక్క మాట మర్చిపోతే డబ్బా బరువుకి కూడా డబ్బులిస్తారు.

కర్రీ పాయింట్లలో చాలా చోట్ల మధ్యాహ్నానికే సాంబారు, పప్పు కవర్లలో కట్టి పెట్టేస్తారు. ఆ కట్టిన కవరు తెచ్చి క్యారియర్‌లో వంపుకుంటే ఏం లాభం? గిన్నెలు వేడిగా దిగే వేళకి వెళ్లండి. కళ్లెదుటే వేస్తారు కాబట్టి "సగం చాలు" అని ఆపచ్చు కూడా, మిగిలిపోయే గొడవ ఉండదు.

పాల ప్యాకెట్లు నగరంలో పూర్తిగా మానడం కష్టం. ఒక లీటరు కావాలంటే రెండు అరలీటర్లకి బదులు ఒకటే లీటరు ప్యాకెట్ కొనండి. మూల కత్తిరించేటప్పుడు ముక్క పూర్తిగా తెంపకండి. ఆ చిన్న ముక్క ఎవరూ ఏరరు, కాలవలోకి పోతుంది. ప్యాకెట్ కడిగి బోర్లించి ఆరబెడితే పాత సామాన్ల వాళ్లు తీసుకుంటారు, కంపు కొడితే తీసుకోరు. పెరుగు ప్యాకెట్ మాత్రం పూర్తిగా మానచ్చు, తోడేసుకుంటే సరి. పాలు వేలు పెడితే ఓర్చుకోగలిగేంత గోరువెచ్చగా ఉండాలి, అరలీటరుకి ఒక చెంచా తోడు. మరీ వేడి మీద వేస్తే విరిగి నీళ్లు తేలుతుంది.

కొట్టువాళ్లు ఇచ్చే గుడ్డలాంటి సంచి చూసి మోసపోకండి. నేసిన పోగు కనిపించకుండా, అతికినట్టుగా ఉంటే అదీ ప్లాస్టిక్కే. మామూలు క్యారీబ్యాగులైతే 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చనివి అమ్మకూడదు. చేతిలో నలిగిపోయే ఆ నల్ల కవరు ఏ లెక్కనా చెల్లదు.

ప్రశ్న: మియాపూర్_వంటిల్లు

అందరికీ థాంక్స్ అండీ. చికెన్ స్టీలు డబ్బాలోనే ఫ్రీజర్‌లో పెట్టచ్చా? మూత గడ్డకట్టి రావడం లేదు.

జవాబు: కిరాణా_కాటా

పెట్టచ్చు. అంచు దాకా నింపకుండా పైన ఒక అంగుళం ఖాళీ వదలండి. మూత పెట్టేముందు అంచు పొడిగా తుడవండి, ఆ తడే గడ్డకట్టి పట్టేస్తుంది. పట్టేస్తే మూత చుట్టూ అర నిమిషం కుళాయి నీళ్లు పోస్తే ఊడుతుంది. గాజు సీసాల్లో మాత్రం వద్దు, పగులుతాయి. కిలో అంతా ఒకే డబ్బాలో కాకుండా పూటకి సరిపడా విడదీసి పెట్టండి. వండే ముందు రోజు రాత్రే కింది అరలోకి దించితే పొద్దున్నకి వదులవుతుంది. ఒకసారి వదులైన పచ్చి మాంసం మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టకండి.