మంచి రిక్రూటర్ దొరికితే కుర్రాడి దారి మారుతుందా, ఎవరైనా ఒకటేనా?

మేనమామ_జెర్సీ:

మా అక్క కొడుక్కి 19 ఏళ్లు. గ్రీన్‌కార్డు ఉంది, పౌరసత్వం ఇంకా రాలేదు. కాలేజీ ఒక సెమిస్టరు చదివి ఆపేశాడు. అమెరికా ఆర్మీలో చేరతానని రెండు నెలలుగా పట్టుపట్టి కూర్చున్నాడు. అక్కాబావలకు ఇష్టం లేదు. ఆ గొడవ ఇంట్లో తేల్చుకుంటాం, ఇక్కడ నేనడిగేది వేరు.

మొన్న వాడితో పాటు రిక్రూటింగ్ ఆఫీసుకు వెళ్లాను. సార్జెంటు మర్యాదగానే మాట్లాడాడు. నేను ఫోను వచ్చి కాసేపు బయటికెళ్లాను. తిరిగొచ్చేసరికి వీడి మొహం వెలిగిపోతోంది. "మామయ్యా, చాలా మంచాయన. నాకు సైబర్‌లో ఉద్యోగం ఇప్పిస్తానన్నాడు" అంటాడు. ఆఫీసులో మా సీనియరొకాయన "రిక్రూటర్ ఎవరైతేనేం, మార్కులొస్తే ఉద్యోగం వస్తుంది, లేకపోతే లేదు" అన్నాడు. మా ఆవిడేమో మొదట తగిలిన మనిషి సరైనవాడు కాకపోతే నాలుగేళ్లు గంగపాలే అంటుంది. సైన్యంలో పనిచేసినవాళ్లు, పిల్లల్ని పంపినవాళ్లు ఇక్కడ ఉన్నారని తెలుసు. ఏది నిజం?

పాత_మెడిక్:

ముందు సైబర్ సంగతి. సైబర్, ఇంటెలిజెన్స్ లాంటి పనులకు సెక్యూరిటీ క్లియరెన్స్ కావాలి. క్లియరెన్స్ కావాలంటే పౌరసత్వం ఉండాలి. గ్రీన్‌కార్డుతో ఆ పని రాదు. సార్జెంటు పొరపాటున అన్నాడో, కుర్రాడు ఆశ కొద్దీ అలా విన్నాడో మనకు తెలియదు. మళ్లీ వెళ్లి అదే ప్రశ్న సూటిగా అడగండి. ఆయనేమిటో ఆ జవాబులో తెలిసిపోతుంది.

ఇక అసలు ప్రశ్న. నా దారి మార్చింది మా రిక్రూటరే, ఆ మాట ఎక్కడైనా చెబుతాను. నేను కోరింది మెడిక్, అంటే గాయపడ్డ సైనికులకు చికిత్స చేసే పని. చేరడానికి రాసే పరీక్షలో, అదే ఆస్వాబ్‌లో, నాకు మొదటిసారి 38 వచ్చింది. హైస్కూలు పాసైనవాళ్లకు ఆర్మీ అడిగేది 31. అంటే ఆ రోజే నన్ను లెక్కలో వేసుకుని పంపేయొచ్చు. నెలాఖరు, ఆయనకు ఇంకా ఒకరు తక్కువ. గోడమీద తెల్లబోర్డుకేసి చూశాడు, నా ఫైలు మూసి సొరుగులో పెట్టాడు. "నువ్వు మెడిక్ కావాలన్నావు కదా. దానికి ఈ పరీక్షలోనే లెక్కలు, ఇంగ్లిషు భాగాలు కలిపి కట్టే జీటీ స్కోరు 107 కావాలి, నీది అక్కడికి రాలేదు. ఇప్పుడు సంతకం పెడితే మిగిలింది తీసుకోవాలి. మళ్లీ రాయాలంటే నెల ఆగాలి. ఆగుదాం" అన్నాడు. ఆ నెలంతా డ్యూటీ అయ్యాక ఓ గంట కూర్చోబెట్టి భిన్నాలు, శాతాలు చేయించాడు. ఇంగ్లిషు పదాలు అట్టముక్కల మీద రాసిచ్చాడు. రెండోసారి 57 వచ్చింది, జీటీ 108.

శాన్ ఆంటోనియోలో మెడిక్ శిక్షణ 16 వారాలు. బయటికొచ్చాక జీఐ బిల్లు మీద, అంటే సైన్యంలో చేసినవాళ్ల చదువుకు ప్రభుత్వమిచ్చే సాయంతో, నర్సింగ్ చదివాను. ఇప్పుడు ఎమర్జెన్సీలో చేస్తున్నాను. ఆ ఫైలు సొరుగులోకి వెళ్లకపోయి ఉంటే ఇవేవీ లేవు.

కాగితమే_సాక్షి:

మెడిక్ గారూ, మీకు మంచాయన దొరికాడు, సంతోషం. కానీ మీ అదృష్టాన్ని నియమంగా చెప్పకండి, ఇంకో కుర్రాడు దాన్ని నమ్మి వెళ్తాడు.

మా పిన్ని కొడుకు పదిహేనో ఏట దాకా ఆస్తమాకి ఇన్‌హేలర్ వాడాడు. పదమూడేళ్లు దాటాక ఆస్తమా ఉంటే చేర్చుకోరు, వేవర్ కోసం, అంటే ప్రత్యేక మినహాయింపు కోసం, అర్జీ పెట్టుకోవాలి. అది నెలలు పడుతుంది. వాడి రిక్రూటర్ "ఫారంలో ఆస్తమా గడిలో లేదు అని పెట్టెయ్, ఎవరూ చూడరు" అన్నాడు. శిక్షణ మూడో వారంలో పరుగు మధ్యలో ఊపిరాడక పడిపోయాడు. ఇంటికి పంపేశారు. అబద్ధం చెప్పి చేరడం సైనిక చట్టంలో నేరం. కేసు పెట్టకుండా వదిలారు గానీ, చెప్పింది ఎవరైనా సంతకం వాడిదే కదా. రిక్రూటర్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. రెండేళ్లు వాడు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

ఇదేదో ఒక్కరి దుర్మార్గం కాదు. నెలకింతమంది అని లెక్క ఉంటుంది, వాళ్ల భాషలో దాన్ని మిషన్ అంటారు. చాలామంది రిక్రూటర్లు కోరి వచ్చినవాళ్లు కూడా కాదు. ట్యాంకు మెకానిక్కునో, పదాతి సార్జెంటునో తెచ్చి మూడేళ్లు ఈ కుర్చీలో కూర్చోబెడతారు. 2005లో ఇరాక్ యుద్ధం నడుస్తుండగా రిక్రూటర్ల తప్పుడు పనులు బయటపడి, మే 20న ఆర్మీ దేశమంతా ఒకరోజు రిక్రూటింగ్ ఆపి అందరికీ నీతినియమాలు మళ్లీ చెప్పుకోవాల్సి వచ్చింది. ఒత్తిడి పెరిగితే మంచివాడి చెయ్యి కూడా వణుకుతుంది.

ఇంకో ముక్క. ఉద్యోగం ఇచ్చేది రిక్రూటర్ కాదు. వైద్యపరీక్షలు జరిగే మెప్స్ కేంద్రంలో కౌన్సెలర్ ఇస్తాడు. ఒప్పందం డీడీ ఫారం 4లోనే రాసి ఉంటుంది, ఇందులోనూ జతచేసిన అనెక్స్‌లలోనూ లేని హామీ ఏదీ చెల్లదని. నాలుగేళ్లకే అనుకుంటారు గానీ మొత్తం బాధ్యత ఎనిమిదేళ్లు, మిగతాది రిజర్వులో. మనిషిని నమ్మడం మానేసి కాగితం చదవండి.

అమ్మాయి_తల్లి:

నాకు రెండువైపులా నిజం కనిపిస్తోంది, కానీ నేను మెడిక్ తమ్ముడి పక్షం. మా అమ్మాయి చేరాక బయల్దేరడానికి ఏడు నెలలు ఉంది. డిలేడ్ ఎంట్రీ అంటారు. ఆ రిక్రూటరమ్మ వారానికి రెండుసార్లు పొద్దున్నే వచ్చి పిల్లలందరితో కలిసి పరుగెత్తేది. మొదటిరోజు మా పిల్ల మైలు కాకుండానే కూర్చుండిపోతే, ఆవిడ తన పరుగు ఆపి పక్కన నడిచింది. నన్ను కూడా విడిగా కూర్చోబెట్టి చెప్పింది: "బస్సెక్కే రోజు వరకు మీ అమ్మాయి మనసు మార్చుకోవచ్చు, జైలేం వేయరు. ఎవరైనా భయపెడితే నాకు చెప్పండి." తన లెక్కకు నష్టం వచ్చే మాట తనే చెప్పింది. ఆ మాట విన్నాకే నేను పిల్లను నిశ్చింతగా పంపాను.

రిజర్వు_అన్న:

ఒక మార్పు గుర్తుంచుకోండి. 2022లో ఆర్మీకి 60,000 మంది కావాలంటే 45,000 దగ్గర ఆగిపోయింది. అదే ఏడాది ఆగస్టులో ఫోర్ట్ జాక్సన్ శిక్షణ కేంద్రంలో ప్రిపరేటరీ కోర్సు పెట్టారు. మార్కులు, బరువు దగ్గర ఆగిపోయినవాళ్లకు 90 రోజుల వరకు అవకాశం. మెప్స్‌లో పాత ఆస్పత్రి రికార్డులు కంప్యూటర్లో కనబడే పద్ధతి కూడా 2022లోనే వచ్చింది. ఇన్‌హేలర్ దాచమనే సలహా ఇప్పుడు ముందే బయటపడే అవకాశం ఎక్కువ.

పాత_మెడిక్:

సాక్షి గారూ, మీ తమ్ముడికి జరిగింది చదివి బాధేసింది. మీ కోపం న్యాయమే. కాగితం చదవమన్న మాటకు నేను చేతులెత్తి ఒప్పుకుంటాను. కానీ పద్దెనిమిదేళ్లవాడికి కాగితంలో ఏం వెతకాలో ఎవరు చెప్తారు?

మెప్స్‌కి వెళ్లేముందు రోజు రాత్రి మమ్మల్ని హోటల్లో పెట్టారు. మా సార్జెంటు ఫోన్ చేసి అన్నాడు: "రేపు కౌన్సెలర్ తెరమీద ఆ రోజు ఖాళీలే ఉంటాయి. మెడిక్ లేకపోతే వేరేది చూపిస్తారు, బోనస్ కూడా చెప్తారు. నీకు వద్దనిపిస్తే థాంక్యూ చెప్పి ఇంటికి వచ్చెయ్. ఇంకో రోజు వెళ్దాం." పొద్దున నాలుగింటికి లేపారు. రక్తపరీక్ష, కళ్లు, చెవులు, బాతునడక అన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం. ఒళ్లు అలిసి, ఆకలేసి, చేతికి ఏం ఇచ్చినా సంతకం పెట్టే స్థితి. నా పక్క కుర్రాడు అలాగే ట్రక్కు డ్రైవరుకి పెట్టేశాడు, వాడికి కావాల్సింది ఎలక్ట్రానిక్స్. నాకు ఆ రోజు మెడిక్ ఖాళీ లేదు. లేచి వచ్చేశాను. మూడు వారాల తర్వాత దొరికింది.

వద్దని లేచి రావచ్చని ఆ ఫోన్ రాకముందు నాకు తెలియదు. దాన్నే నేను దారి చూపించడం అంటున్నాను. కాగితం అబద్ధం నుంచి కాపాడుతుంది. తొందర నుంచి మాత్రం మనిషే కాపాడాలి.

కాగితమే_సాక్షి:

తొందర అన్నమాట నిజం. మా వాణ్ణి తొందరే ముంచింది, వేవర్‌కి ఆగి ఉంటే వచ్చేదేమో. అయినా అలాంటి ఫోన్ ఎంతమందికి వస్తుంది? రానివాళ్ల కోసమే నేను మాట్లాడేది.

మేనమామ_జెర్సీ:

అందరికీ నమస్కారం. నిన్న మళ్లీ వెళ్లాం. సైబర్ సంగతి నేనే అడిగాను. సార్జెంటు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సైబర్‌లో ఆసక్తి ఉంటే చూద్దాం అన్నాను, అతని కార్డు అప్పటికి చూడలేదు. తప్పు నాదే" అన్నాడు. ఒక జాబితా ముద్రించి, పౌరసత్వం లేనిదే రానివి పెన్నుతో కొట్టేశాడు. వాడు కోరుకున్నవాటిలో సగం పోయాయి. మొహం చిన్నబోయింది. శిక్షణలోనే పౌరసత్వానికి అర్జీ పెట్టుకునే వీలుందనీ, అది చేతికొచ్చాక ఉద్యోగం మార్చుకోవడానికి ప్రయత్నించవచ్చనీ, అయితే దానికి తను హామీ ఇవ్వలేననీ చెప్పాడు. తర్వాత వాణ్ణి "ఇంట్లో పాడైన వస్తువేదైనా విప్పావా?" అని అడిగాడు. వీడు మా బావ పాత కారు ఆల్టర్నేటర్ మార్చిన సంగతి మొదలెట్టాడు. నలభై నిమిషాలు ఇద్దరూ అదే మాట. నేను పక్కన ఉన్నట్టే మర్చిపోయారు.

ఇంకా ఏ సంతకమూ కాలేదు. పరీక్ష వచ్చే నెల. మెడిక్ గారూ, ఆ అట్టముక్కల పద్ధతి వాడికి పెడుతున్నాను. సాక్షి గారూ, అనెక్స్‌లో ఉద్యోగం, శిక్షణ, బోనస్ ఏ పేరుతో రాస్తారో, వాడు సంతకానికి ముందు ఏ వరుసలు చదవాలో మీకు తెలిసినంత ఇక్కడ రాయగలరా? అచ్చు తీసి వాడి జేబులో పెట్టి పంపుతాను. అక్కకు కూడా చూపించాలి.