విచారణ, మఠకన్య, మాటపట్టు: సిస్టర్ గారి స్మరణ సంచికలో ఈ మాటలు మార్చాలా?

ప్రశ్న అడిగిన సభ్యురాలు:
ఒక బాలికల హైస్కూలు పూర్వ విద్యార్థినులు, తమకు పెద్ద టీచరుగా ఉండి ఈమధ్య కన్నుమూసిన సిస్టర్ గారి మీద చిన్న స్మరణ సంచిక వేస్తున్నారు. చిత్తుప్రతిలో ఈ వాక్యం ఉంది: "మఠకన్యగా మాటపట్టు చేసిన నాటి నుంచి బోధనలోనూ విచారణ సేవలోనూ జీవితం గడిపారు." కతోలికులు కాని పాఠకులు "విచారణ ఏమిటి, ఏదైనా కేసా?" అని అడుగుతున్నారు. "సన్యాసిని, ప్రతిజ్ఞ, పారిష్" అని మార్చేస్తే సరిపోతుందా?

తెలుగు మాస్టారు:
విచారణను మాత్రం తీయకండమ్మా. కోర్టు, పోలీసు అర్థం ఈ మాటకున్న అర్థాల్లో ఒకటి, అంతే. మంచిచెడ్డలు కనుక్కోవడం, బాగోగులు చూడడం, అజమాయిషీ చేయడం కూడా విచారణే. తిరుమల ఆలయ పాలన 1843 నుంచి 1933 దాకా హథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉండేది. ఆ హోదాలో వాళ్లను విచారణకర్తలు అనేవారు. కతోలిక దేవాలయంలో ఊళ్ల బాగోగులు చూసే గురువు (ఫాదర్) కూడా విచారణకర్తే, ఆయన చూసే ప్రాంతం విచారణ. రెండు చోట్లా మాట ఒకటే, అర్థం ఒకటే. "పారిష్" అని రాస్తే, అర్థం తెలియని మాట తీసి అర్థం తెలియని ఇంకో మాట పెట్టినట్టే.

తికమక పోవాలంటే మొదటిసారి వచ్చిన చోట పక్కన ఒక ఆనవాలు పెట్టండి. "దేవాలయ విచారణ", "విచారణ గ్రామాలు", "విచారణ గురువులు" అంటే ఎవరూ పోలీస్ స్టేషన్ దాకా పోరు. రెండోసారి నుంచి ఒట్టి "విచారణ" చాలు. శీర్షికలో మాత్రం ఒంటరిగా వాడకండి. "విచారణలో సిస్టర్ సేవలు" అన్న శీర్షిక మీద పాఠకుడి చూపు ఎటు పోతుందో చెప్పక్కర్లేదు.

ఉపదేశిగా పనిచేస్తున్న సభ్యుడు:
మాస్టారు చెప్పింది నిజం. కానీ "విచారణ సేవ" అని ఊరుకుంటే ఆమె చేసిన పని ఒక్కటీ కనిపించదు. కింది వాక్యంలో అది విప్పి రాయాలి. మామూలుగా సిస్టర్లు చేసేవి: ఆదివారం పూజ (మాస్) అయ్యాక పిల్లలకు జ్ఞానోపదేశం (మతబోధ), తొలి దివ్యసత్ప్రసాదానికి (పూజలో పంచే పవిత్ర అప్పానికి) వాళ్లను తయారు చేయడం, పాటల బృందానికి సాధన, పీఠం గుడ్డలు, పూలు చూసుకోవడం, ఇల్లిల్లూ తిరిగి పలకరించడం, మంచాన పడ్డవారికి ఇంటికే సత్ప్రసాదం తీసుకెళ్లడం. చివరిది అందరూ చేయరు. దానికి అనుమతి ఉండాలి, కాబట్టి కనుక్కునే రాయండి.

తప్పులు దొర్లేది క్రియల దగ్గర. "సిస్టర్ గారు పూజ చేశారు", "పాపసంకీర్తనం విన్నారు" (పాపాలు ఒప్పుకోవడం విన్నారని), "అవస్థలో ఉన్నవారికి అభ్యంగనం ఇచ్చారు" (పవిత్ర తైలం పూశారని) రాస్తుంటారు. ఆ మూడూ గురువులు చేసేవి. ఆమె చేసేది గురువును పిలిపించడం, ఇంటివాళ్లను సిద్ధం చేయడం. జ్ఞానస్నానం (బాప్తిస్మం) సంగతి వేరు: బిడ్డ ప్రాణాపాయంలో ఉండి గురువు అందుబాటులో లేకపోతే ఎవరైనా ఇవ్వవచ్చు. కాన్పుల ఆసుపత్రుల్లో పనిచేసిన సిస్టర్ల గురించి "ప్రాణాపాయంలో ఉన్న శిశువుకు జ్ఞానస్నానం ఇచ్చారు" అని ఉంటే దాన్ని తప్పని కొట్టేయకండి.

పత్రికలకు ప్రూఫులు దిద్దే సభ్యురాలు:
ఇక మఠకన్య. అచ్చులో స్థిరపడిన మాట ఇదే, ఉంచండి. కన్యస్త్రీ అనీ వాడుక ఉంది. సన్యాసిని అంటే మన పాఠకుడి కళ్ల ముందు కాషాయం కదులుతుంది, వద్దు. తలుపులు దాటకుండా ప్రార్థనలో ఉండే కార్మెల్ మఠం వాళ్లకూ, బడుల్లో ఆసుపత్రుల్లో తిరిగి పనిచేసేవాళ్లకూ తెలుగులో మఠకన్య ఒక్కటే మాట కనుక, మీ సిస్టర్ ఎలాంటి సభకు (మఠకన్యల సంస్థకు) చెందినవారో ఒక వాక్యంలో చెప్పాలి. పిలుపులో సిస్టర్ గారు, సిస్టరమ్మ గారు. వ్యాసం మొత్తం "వారు" అక్కర్లేదు, "ఆమె" అంటూనే క్రియలో గౌరవం ఉంచితే హాయిగా ఉంటుంది.

కాన్వెంటు దగ్గర జాగ్రత్త. మన ఊళ్లలో కాన్వెంటు అంటే ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడి, అందులో ఒక్క సిస్టరు లేకపోయినా సరే. "కాన్వెంటులో తుదిశ్వాస విడిచారు" అంటే పాఠం చెబుతూ పోయారనుకుంటారు. ఆమె నివాసం గురించి అయితే "మఠంలో" అనండి.

"మదర్" కూడా ఇష్టం వచ్చినట్టు తగిలించే మాట కాదు. పేదల సేవ వల్ల మదర్ తెరీసాకు ఆ పేరు వచ్చిందని తెలుగు వ్యాసాలు తెగ రాస్తాయి. లోరెటో సభలో ఉండి కలకత్తా ఎంటాలీ బడిలో పాఠాలు చెబుతున్నప్పుడే, 1937 మే 24న నిత్య మాటపట్టు (జీవితాంతానికి చేసే వ్రతం) చేశాక ఆమెను మదర్ అనడం మొదలైంది. సొంత సభకు అనుమతి వచ్చింది 1950లో.

ప్రశ్న అడిగిన సభ్యురాలు:
మాటపట్టు బదులు ప్రతిజ్ఞ కుదరదా అండీ? పిల్లలకు తెలిసిన మాట కదా.

తెలుగు మాస్టారు:
తెలిసిన మాట కావడమే చిక్కు. బడి సంచికలో ప్రతిజ్ఞ అంటే 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు రాసిన "భారతదేశం నా మాతృభూమి" గుర్తొస్తుంది. మాటపట్టు చక్కటి తెలుగు, ఇచ్చిన మాటను పట్టుకుని ఉండడం. వదులుకోకండి.

ఉపదేశిగా పనిచేస్తున్న సభ్యుడు:
అసలు గొడవ తేదీల్లో వస్తుంది. మఠప్రవేశం ఒకటి, తొలి మాటపట్టు ఒకటి, నిత్య మాటపట్టు ఇంకొకటి. నొవిషియేట్ (తొలి మాటపట్టుకు ముందు మఠంలో శిక్షణకాలం) కనీసం 12 నెలలు, దానికీ ముందు కొంత ప్రాథమిక శిక్షణ. ఆ తర్వాత పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు వ్రతాలతో తొలి మాటపట్టు. అది తాత్కాలికం. శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం ప్రకారం మూడేళ్లకు తగ్గదు, ఆరేళ్లకు మించదు, అవసరమైతే మొత్తం తొమ్మిదేళ్ల దాకా పొడిగించవచ్చు. తర్వాతే నిత్య మాటపట్టు. రజతోత్సవం, స్వర్ణోత్సవం సాధారణంగా తొలి మాటపట్టు నుంచి లెక్కిస్తారు. మఠప్రవేశం నుంచి లెక్కేసి "50 ఏళ్ల మఠజీవితం" అని వేస్తే ఉత్సవ కార్డుకూ మీ సంచికకూ తేడా వస్తుంది. సభ దగ్గర ఉండే వ్యక్తిగత రికార్డు చూసి మూడు తేదీలూ విడివిడిగా వేయండి.

పేరు కూడా అంతే. పాతతరం సిస్టర్లు చాలామంది మఠంలో కొత్త పేరు తీసుకున్నారు. జ్ఞానస్నానం పేరు, ఇంటిపేరు సర్టిఫికెట్లలో ఉంటాయి, సర్వీసు రికార్డు వాటి మీదే నడుస్తుంది. గుంటూరులో వైద్యసేవ చేసిన ఆస్ట్రేలియా డాక్టరు మేరీ గ్లౌరీ, మఠంలో సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్ కూడా ఒకరే అని తెలియకపోతే ఇద్దరనుకుంటారు. పేరు చివర ఉండే జె.ఎం.జె., ఎఫ్.ఎం.ఎం. లాంటి పొడి అక్షరాలు సభ పేరు, చదువుకున్న డిగ్రీ కాదు. ఒకసారి పూర్తి పేరు రాయండి: జె.ఎం.జె. అంటే యేసు మరియ జోజప్ప సభ. ఆ సిస్టర్లు 1904లో హాలండు నుంచి గుంటూరు వచ్చారు. సెయింట్ ఆన్స్ అయితే మరీ జాగ్రత్త. ఇటలీ నుంచి 1871లో సికింద్రాబాదు వచ్చిన సభ వేరు, ఫిరంగిపురం కేంద్రంగా ఉన్న సభ వేరు.

ప్రూఫులు దిద్దే సభ్యురాలు:
ఇంకో రెండు. అభిమానం కొద్దీ "పునీతురాలు" అని రాస్తారు. అది రోమ్ ప్రకటించాల్సిన హోదా. బడిపంతులమ్మగా కూడా పనిచేసిన కేరళ మఠకన్య అల్ఫోన్సా 1946లో పోయారు, 1986లో ధన్యురాలయ్యారు (పునీత హోదాకు ముందు మెట్టు), 2008లో గానీ పునీత కాలేదు. మేరీ గ్లౌరీ గారిని 2013లో దైవసేవకురాలిగా ప్రకటించారు, అది తొలి మెట్టు. మీ వ్యాసంలో "పుణ్యశీలి" అనుకోండి, ఎవరికీ అభ్యంతరం ఉండదు. రెండోది, "పరమపదించారు" వద్దు, అది వైష్ణవుల మాట. "ప్రభువునందు నిద్రించారు" అనండి.

తెలుగు మాస్టారు:
దీనికి నేను ఒప్పుకోను. పరమపదించడం ఎప్పుడో అందరి మాట అయింది. కతోలికులు దేవుణ్ణి సర్వేశ్వరుడు అంటారు, బలిని పూజ అంటారు, అవన్నీ ఎవరి మాటలు? కార్డు మీద ప్రభువునందు నిద్రించారు అని ఉండనివ్వండి, బయటివాళ్లు రాసే వ్యాసంలో పరమపదించారు అంటే అపచారం ఏమీ లేదు.

ప్రూఫులు దిద్దే సభ్యురాలు:
సరే, మీ మాట మీది. చివరి పేజీలో మంగళవార్త జపం (మరియమ్మకు చేసే ప్రార్థన) వేసేటట్టయితే మాత్రం జ్ఞాపకం మీద టైపు చేయకండి. "దేవవర ప్రసాదముచేత నిండిన మరియమ్మా వందనము, ఏలినవారు మీతో ఉన్నారు" అన్నది కతోలికుల పాఠం. ఇందులో మరియమ్మకు మీరు, ప్రభువుకు ఏలినవారు. తెలియక "నీకు వందనము, ప్రభువు నీతో" అని సరళం చేస్తే చదివే విశ్వాసుల నోరు అక్కడే తడబడుతుంది.

ప్రశ్న అడిగిన సభ్యురాలు:
ఇలా మార్చాం, చూడండి: "తొలి మాటపట్టు చేసిన నాటి నుంచి మఠకన్యగా బడిలో పాఠాలు చెబుతూ, దేవాలయ విచారణ గ్రామాల్లో పిల్లలకు జ్ఞానోపదేశం నేర్పుతూ, మంచాన పడ్డవారిని చూసి వస్తూ ఉన్నారు."

ఉపదేశిగా పనిచేస్తున్న సభ్యుడు:
బాగుంది. "జ్ఞానోపదేశం నేర్పుతూ" తీసి "జ్ఞానోపదేశం చెబుతూ" అనండి, ఊళ్లో అలాగే అంటారు. గ్రామాల పేర్లు కూడా వేయండి, ఆ ఊళ్లవాళ్లు వెతుక్కుంటారు.