డిప్రెషన్‌లో ఉన్న యువకుడికి సంఘంగా ఎలా తోడుండాలి?

ప్రశ్న (యౌవనస్థుల కూడికల బాధ్యురాలు, గుంటూరు జిల్లా):
అందరికీ వందనాలు. క్రిస్మస్ వరకూ మా క్వయర్‌లో కీబోర్డు వాయించిన పందొమ్మిదేళ్ల అబ్బాయి మూడు నెలలుగా కాలేజీకీ ఆరాధనకూ రాకుండా గదిలోనే ఉండిపోతున్నాడు. నిద్ర పట్టడం లేదు, తిండి సయించడం లేదు. డాక్టరు గారు డిప్రెషన్ అని చెప్పి మందులు మొదలుపెట్టి పది రోజులైంది. ఇంతలో పెద్దలు అతని కోసం మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెట్టి, అతనూ ఉపవాసం ఉండాలన్నారు. విశ్వాసం ఉంటే మందులెందుకని కొందరు వాళ్ల అమ్మగారితో అంటున్నారు. ఆదివారం ప్రార్థన విన్నపాల్లో అతని పేరు కూడా చదివారు. పెద్దలను ఎదిరించకుండా ఈ అబ్బాయికి మేలు చేసే దారి చెప్పగలరా?

జవాబు (పదవీ విరమణ చేసిన పాస్టరు):
అమ్మా, పెద్దలతో వాక్యం నుంచే మాట్లాడండి. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా బదరీవృక్షం కింద కూర్చుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణే అడిగాడు. కర్మెలు కొండ మీద తన ప్రార్థనకు ఆకాశం నుంచి అగ్ని దిగడం చూసిన ప్రవక్తకు విశ్వాసం లేదని ఎవరనగలరు? దేవదూత అతన్ని గద్దించలేదు, తట్టి లేపి భోజనం చేయమన్నాడు, మళ్లీ పడుకోనిచ్చి, రెండోసారీ లేపి తినమన్నాడు. అన్నం సయించని పిల్లవాడి చేత ఉపవాసం చేయించడం ఈ అధ్యాయానికి సరిగ్గా ఎదురు నడక. ఉపవాసం పెద్దలు ఉండవచ్చు, అతనికి మాత్రం గంజి అయినా పట్టాలి. మందుల మాటకొస్తే, పౌలు లూకాను ప్రియమైన వైద్యుడనే పిలిచాడు. వేలూరు సీఎంసీ లాంటి మిషను ఆసుపత్రే బాగాయంలో మానసిక వైద్య కేంద్రాన్ని దశాబ్దాలుగా నడుపుతోంది. నేను కూడా ఒకప్పుడు ఇలాంటి కుటుంబానికి పాపం ఒప్పుకోమని సలహా ఇచ్చినవాణ్ణే, అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

జవాబు (మానసిక వైద్య విభాగంలో నర్సు):
పాస్టరు గారి మాటకు కొంచెం చేరుస్తాను. ఈ మందులు పనిచేయడం మొదలుపెట్టడానికే సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, కాబట్టి పది రోజులకే గుణం కనిపించలేదని ఆపకూడదు. హఠాత్తుగా మానేస్తే తల తిరగడం, ఆందోళన రావచ్చు. పాతికేళ్ల లోపువారిలో మొదటి వారాల్లో కొందరికి చనిపోవాలన్న ఆలోచనలు పెరగవచ్చు, అందుకే ఇప్పుడే ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలి. మరీ అసహనంగా మారినా, నిద్ర పూర్తిగా పోయినా వెంటనే డాక్టరుకు చెప్పండి. చనిపోవాలనిపిస్తోందా అని అతన్ని సూటిగా, నెమ్మదిగా అడగండి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పురుగుమందు డబ్బాలు, మిగిలిపోయిన బిళ్లలు ఇంట్లో అందుబాటులో ఉంచవద్దని వాళ్ల అమ్మగారికి ఈరోజే చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

జవాబు (ఇదే దారిలో నడిచిన అమ్మాయి, హైదరాబాద్):
నా పేరు కూడా చర్చిలో చదివారు. ఆ తరువాత ఎదురుపడిన ప్రతివారూ "ఇప్పుడెలా ఉంది?" అని అడుగుతుంటే, బాగైపోయి సాక్ష్యం చెప్పాల్సిన బాకీ ఏదో నెత్తిన పడినట్టు అనిపించి, ఆరాధనకు వెళ్లడమే మానేశాను. 88వ కీర్తన చీకటి అన్న మాటతోనే ముగుస్తుందని నాకప్పుడు ఎవరూ చెప్పలేదు, చెప్పి ఉంటే ఎంతో ఊరట కలిగేది. నాకు నిజంగా పనికొచ్చింది మా వీధి ఆంటీ గారు. గురువారం గురువారం టిఫిను క్యారియరు తెచ్చి, నేను మాట్లాడకపోయినా అరగంట కూర్చుని, మా అమ్మతో కూరగాయల ధరలు మాట్లాడి వెళ్లిపోయేవారు. ఒకసారి నాతో డాక్టరు దగ్గరికీ వచ్చారు, బయటే కూర్చున్నారు. క్వయర్‌లో నీ చోటు ఖాళీగా ఉంది అని దయచేసి అతనితో అనకండి, ప్రేమతో అన్నా అది బరువే.

ప్రశ్న అడిగినవారు:
మీ అందరికీ కృతజ్ఞతలు. ఆ చివరి మాట నేను పోయిన వారమే అతనితో అన్నాను. ఈ రాత్రి పెద్దలతో ఏలీయా గురించి మాట్లాడతాను. పేరు చదివే ముందు ఇకమీదట అతన్ని అడగమంటాను. రేపు వాళ్లింటికి ఊరికే వెళ్లి కూర్చుంటాను, బైబిలు సంచిలోనే ఉంచుతాను, అతను అడిగితే తీస్తాను.