అప్‌డేట్: కట్లపామును చూశాను!

అడవిలో విషపాముల్ని వెతకాలంటే ఎలా వెళ్లాలని అడిగాను కదా, నిన్న రాత్రి అనుభవమున్న ఒక అన్నతో వెళ్లొచ్చాను. మోకాళ్ల దాకా బూట్లు, తలకు టార్చి. రెండు గంటలు ఏమీ కనిపించలేదు.

ఆ తర్వాత ఎండుటాకుల పక్కన కట్లపాము! నల్లటి ఒంటిమీద సన్నటి తెల్ల పట్టీలు, ఎంత నిగనిగలాడుతోందో! పగలు చుట్టచుట్టుకుని దాక్కుంటుంది, రాత్రే వేటకొస్తుందని మీరన్నది నిజమే. దీని కాటు చాలాసార్లు నొప్పే తెలియదు, గంటల తర్వాత ఊపిరి కండరాలు పడిపోవచ్చు. అందుకే నాకు బుసకొట్టి హెచ్చరించే రక్తపింజర కంటే దీనంటేనే ఎక్కువ భయం.

మూడు మీటర్ల దూరంలోనే నిలబడ్డాం, కర్రతో కదపలేదు. రాళ్ల కింద చెయ్యి పెట్టొద్దని చెప్పినవాళ్లకు చాలా థాంక్స్, రాత్రంతా అదే గుర్తుపెట్టుకున్నాను. వానలు మొదలయ్యాక మళ్లీ వెళ్తాం.