పాత ఆకురాయిని కత్తిగా మార్చాలా, కొత్త ఉక్కు కొనాలా?

కొలిమికొత్త:
హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌లో గురువారం పూట పాత పనిముట్లు కుప్పలుగా పోసి అమ్ముతారు. అరిగిన ఆకురాళ్లు (ఇనుమును అరగదీసే ఫైళ్లు), విరిగిన రంపాలు, పవర్ హాక్సా (మోటారుతో ఇనుమును కోసే రంపం) బ్లేడ్లు అన్నీ అక్కడ దొరుకుతాయి. వంటింటి కత్తులు చేయడం నేర్చుకుంటున్న నాలాంటివారికి పాత ఆకురాయిని మించిన ముడిసరుకు లేదని నా నమ్మకం. మంచి ఆకురాయిలో కార్బన్ ఒక శాతానికి పైగానే ఉంటుంది. అది ముందే గట్టిపడి ఉంటుంది కాబట్టి కొలిమి కూడా అక్కర్లేదు. ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటల చొప్పున రెండు సార్లు ఉంచితే పెళుసుదనం తగ్గుతుంది. ఆ తర్వాత నీళ్లలో ముంచుతూ నిదానంగా సాన పట్టుకోవచ్చు. నా మిత్రుడు మాత్రం తెలియని ఉక్కు మీద పని చేయడం దండగ అంటున్నాడు. మీరేమంటారు?

ఉక్కుపరీక్ష:
మీ మిత్రుడి మాటే నిజం. ఉక్కును వేడి చేసి గట్టిపరిచే పనిలో ఉన్నవాడిని, అందుకే చెబుతున్నాను. ఆకురాయి అనగానే లోపలిదాకా ఒకే ఉక్కు అనుకోవద్దు. చవకరకం వాటిలో చాలా వరకు మెత్తటి ఇనుమే, పైపొరకు మాత్రమే కార్బన్ పట్టించి ఉంటుంది. పళ్లు అరగదీసి అంచు తీసేసరికి ఆ పొర కాస్తా పోతుంది. ఆపైన మీ చేతిలో మిగిలేది టమాటా కోయడానికి కూడా పనికిరాదు. బేరింగులకు వాడే ఈఎన్31 రకం ఉక్కు పట్టీ మన నగరాల్లో టూల్ స్టీల్ అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. అందులో కార్బన్ సుమారు ఒక శాతం, దానికి తోడు క్రోమియం. ఎంత వేడికి గట్టిపడుతుందో, ఎంత వేడి దగ్గర టెంపరింగ్ (పెళుసుదనం తగ్గించేలా మళ్లీ వేడిచేయడం) చేయాలో పట్టిక చూస్తే తెలుస్తుంది. వారం రోజుల చేతిపనిని జూదంలో పెట్టడం ఎందుకు?

దాగలి:
జూదం అనడం అన్యాయం. మాది కమ్మరి కుటుంబం. మన ఊళ్లలో కొడవళ్లు, కత్తిపీటలు, కొబ్బరి కొట్టే కత్తులు చాలా వరకు లారీ కమాను పట్టీల నుంచే వస్తున్నాయి. పట్టికలు చూసి ఎవరూ చేయడం లేదు. చేతికి వచ్చిన ముక్కను ముందు పరీక్షిస్తారు. సానరాయికి ఆనించి రవ్వలు చూస్తారు. కార్బన్ ఎక్కువ ఉంటే రవ్వలు తెల్లగా, పొట్టిగా, కొమ్మలు కొమ్మలుగా చీలి చిట్లుతాయి. మెత్తటి ఇనుమైతే పొడవాటి గీతలు వస్తాయి, చీలికలు తక్కువ. హైస్పీడ్ స్టీల్ (లోహాన్ని కోసే బ్లేడ్లకు వాడే మిశ్రమ ఉక్కు) అయితే మసక ఎరుపులో నాలుగు గీతలు కనిపించి ఆరిపోతాయి. దాన్ని కొలిమి దగ్గరికి తేకూడదు. దాన్ని గట్టిపరచాలంటే సుమారు 1200 డిగ్రీల వేడి కావాలి, అది బొగ్గు కొలిమిలో నిలకడగా అందదు.

రెండో పరీక్ష ఇంకా గట్టిది. చివర చిన్న ముక్క కోసి, అయస్కాంతం అంటుకోవడం మానేసేదాకా కాల్చాలి. అంటే సుమారు 770 డిగ్రీలు. ఇంకాస్త రంగు ఎక్కాక నూనెలో ముంచి, బిగించి విరగ్గొట్టాలి. విరగకుండా వంగితే అది కత్తికి పనికిరాదు. విరిగితే లోపలి గింజ చూడాలి. పంచదారలా పెద్ద గింజ కనబడితే వేడి ఎక్కువైనట్టు. కంటికి ఆనని సన్నని బూడిదరంగు గింజ ఉంటే ఉక్కూ మంచిదే, వేడీ సరిపోయింది. ఈ పని చేయడానికి పూట కూడా పట్టదు.

నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు ముద్దల కోసం పర్షియా వర్తకులు ఆ ఊరికే వచ్చేవారు. ఆ ముద్దల మీద ఏ ప్రయోగశాల ముద్రా లేదు.

ఉక్కుపరీక్ష:
దాగలి గారూ, మీ పరీక్షలను నేను కాదనను, రెండూ సరైనవే. కానీ కోనసముద్రం పోలిక ఇక్కడ కుదరదు. అక్కడివాళ్లు తమ ఉక్కును తామే చేసుకున్నారు. ఏ ఖనిజం, ఎంత బొగ్గు, ఎన్ని గంటల మంట అన్నది తరతరాలుగా వాళ్ల చేతిలో ఉన్న విషయం. బజారులో దొరికే ఆకురాయి ఎవరు చేశారో, ఎందుకు పారేశారో మనకు తెలియదు. కమాను పట్టీకి ఇంకో చిక్కుంది. ఏళ్ల తరబడి బరువు మోసి అలసిన పట్టీలో కంటికి కనబడని పగుళ్లుంటాయి. నూనెలో ముంచిన క్షణంలో అవి విచ్చుకుంటాయి. మీరు చెప్పిన విరుపు పరీక్ష ఆ చివరి ముక్క గురించే చెబుతుంది, మిగతా పట్టీ గురించి చెప్పదు.

దాగలి:
పగుళ్ల మాట నిజమే. అందుకే పట్టీని కిరోసిన్‌లో నానబెట్టి, శుభ్రంగా తుడిచి, సుద్దపొడి పూస్తారు. పగులు ఉంటే లోపల దాగిన కిరోసిన్ పైకి ఊరి గీతలా కనబడుతుంది. నట్టుబోల్టు రంధ్రం ఉన్న నడిమి భాగాన్ని ఎలాగూ వదిలేస్తారు. ఇంకో మాట. అంత మందం పట్టీని వంటింటి కత్తి చేయాలంటే సమ్మెట పట్టే రెండో మనిషి కావాలి. ఒంటరిగా నేర్చుకునేవారికి కమాను పట్టీ వద్దనే నేనూ అంటాను. ఆకురాయి విషయంలో మాత్రం కొలిమికొత్త గారి పక్షమే.

చిత్రిక:
మీరంతా ఉక్కు గురించే మాట్లాడుతున్నారు. పనిముట్టు గురించి ఎవరూ అడగడం లేదు. నేను వడ్రంగిని. అదే బజారులో వెతికి వెతికి తెచ్చుకున్న పాత ఉలులతో, బాడిశతో రోజూ పని చేస్తాను. 1864లో అమెరికాలో మొదలైన నికల్సన్ కంపెనీ ఆకురాళ్లు ఇప్పటికీ అక్కడక్కడా దొరుకుతాయి. వాటిలో కొన్నింటికి తుప్పు, జిడ్డు పట్టాయే తప్ప పళ్లు అరగలేదు. వెనిగర్‌లో ఒక రాత్రి ఉంచి, ఇత్తడి బ్రష్‌తో రుద్ది, నూనె రాస్తే మళ్లీ ఇనుమును కొరుకుతాయి. అలాంటిదాన్ని కత్తి చేస్తాననేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. కత్తి ఏ పట్టీతోనైనా వస్తుంది. మంచి ఆకురాయిని, వెడల్పు ఉలిని మాత్రం మళ్లీ ఎక్కడి నుంచి తెస్తారు? మీరు ఒకటి పాడుచేస్తే, ఆ పని నేర్చుకునే ఇంకొక కుర్రవాడికి అది దొరకకుండా పోతుంది. పళ్లు పూర్తిగా పోయినవి, పిడి దగ్గర విరిగినవి తీసుకోండి, ఎవరూ కాదనరు.

కొలిమికొత్త:
చిత్రిక గారూ, ఈ కోణంలో నేను ఆలోచించలేదు. ఇకపై పళ్ల మీద వేలు పెట్టి చూశాకే తీసుకుంటాను. ఉక్కుపరీక్ష గారికి ఒక ప్రశ్న. ఈఎన్31ను ఇంట్లో సరిగ్గా గట్టిపరచడం సాధ్యమేనా? సుమారు 840 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు నిలకడగా ఉంచాలని చదివాను. వేడి కొలిచే సాధనం లేని చిన్న కొలిమిలో అది ఎలా కుదురుతుంది?

ఉక్కుపరీక్ష:
కుదరడం కష్టమే, ఒప్పుకుంటాను. దాన్ని వేడిచికిత్స చేసే షాపుకు ఇవ్వాలి. ఇంట్లోనే చేయాలంటే క్రోమియం లేని సాదా కార్బన్ ఉక్కు తేలిక.

కొలిమికొత్త:
మంచి ఆకురాయి అదే కదా!

ఉక్కుపరీక్ష:
మంచిదైతే అదే. నా అభ్యంతరమంతా ఆ 'అయితే' దగ్గరే ఉంది.

రెండోపట్టా:
మధ్యలో వస్తున్నందుకు మన్నించండి, కానీ చెప్పకుండా ఉండలేను. తుక్కు దుకాణాల్లో రైలు పట్టాలను స్లీపర్లకు బిగించే క్లిప్పులు అమ్మచూపుతారు. అది సిలికాన్ మాంగనీస్ స్ప్రింగ్ ఉక్కు, కత్తికి ఆశ పుట్టించేదే. కొనకండి. రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర పెట్టుకోవడం 1966 చట్టం ప్రకారం నేరం, అయిదేళ్ల దాకా జైలు పడవచ్చు. దొంగిలించింది మీరు కాకపోయినా, ఎలా వచ్చిందో మీరే చెప్పుకోవాల్సి వస్తుంది. పైగా ఆ క్లిప్పు ఊడిన చోట రైళ్లు నడుస్తాయి.

అలాగే మెరిసే స్పానర్లు, జింకు పూత ఉన్నవి కొలిమిలో పెట్టకండి. జింకు పొగ పీలిస్తే ఆ సాయంత్రానికే చలిజ్వరం వస్తుంది. క్రోమ్ పూత పొడి ఇంకా ప్రమాదం. పైగా స్పానర్లలో కార్బన్ తక్కువ, కత్తి అంచు నిలవదు.

దాగలి:
పూర్తిగా ఏకీభవిస్తున్నాను. పవర్ హాక్సా బ్లేడు గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు. పాతరకం బ్లేడు మొత్తం హైస్పీడ్ స్టీలే అయితే కాల్చే పనే లేదు, సాన పట్టి చిన్న కూరగాయల కత్తి చేసుకోవచ్చు. పడితే విరుగుతుంది కాబట్టి నరకడానికి వాడకూడదు. కొత్తరకంలో పళ్ల అంచు ఒక్కటే గట్టిది, వెన్ను వేరే ఉక్కు. సానరాయి మీద పళ్ల దగ్గర ఒకసారి, వెన్ను దగ్గర ఒకసారి ఆనించి చూడండి. రవ్వలు రెండు రకాలుగా వస్తే అక్కడే వదిలేయండి.

కొలిమికొత్త గారూ, మీ ఆకురాళ్ల చివరలు విరగ్గొట్టి, విరిగిన ముఖాన్ని పగటి వెలుగులో ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. అంచు చుట్టూ వేరే రంగు పొర కనబడితే ఉక్కుపరీక్ష గారు చెప్పిన పైపొర రకమే. అడ్డంగా ఒకే తీరుగా ఉంటే ఓవెన్ వెలిగించండి.