ఆదోనిలో బీసీ, బళ్లారిలో ఎస్టీ: ఒకే కులానికి రెండు జాబితాలా?

ప్రశ్న (ఆదోని సభ్యుడు):
మేము ఆదోని దగ్గరి పల్లెకు చెందిన బోయలం. మా మేనమామ గారి కుటుంబం తాతల కాలం నుంచీ బళ్లారి వైపు ఉంటోంది. ఇలవేల్పు ఒక్కటే, ఇచ్చిపుచ్చుకోవడాలు నేటికీ సాగుతున్నాయి, మామయ్య కూతురే ఇప్పుడు మా ఇంటి కోడలు. అయినా మా కుల ధ్రువపత్రంలో బీసీ-ఏ అనీ, ఆమె పుట్టింటి ధ్రువపత్రంలో ఎస్టీ అనీ ఉంది. ఈ తేడా ఎలా వచ్చింది? ఆమె ధ్రువపత్రం ఇక్కడ చెల్లుతుందా? పిల్లలకు ఏది వర్తిస్తుంది?

జవాబు 1 (అనంతపురం సభ్యుడు):
రాజ్యాంగం 342వ అధికరణం ప్రకారం తెగల జాబితా రాష్ట్రాల వారీగా, ఒక్కోసారి రాష్ట్రంలోని కొంత ప్రాంతానికే ప్రకటిస్తారు కనుక, బంధుత్వం ఎక్కడిదాకా ఉందో ఆ జాబితా చూడదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మనవైపు వచ్చాయి, బళ్లారి పట్టణంతో సహా తక్కిన భాగంలో చాలావరకు మైసూరుకు (నేటి కర్ణాటకకు) పోయింది. మీ రెండు కుటుంబాల మధ్య గీత పడింది అప్పుడే. తరువాత 1991 చట్టంతో కర్ణాటక ఎస్టీ జాబితాలోని ‘నాయక’ అనే తెగ పద్దులో, అక్కడ బోయలను పిలిచే బేడ, బేడర్, వాల్మీకి పేర్లు చేరాయి. మన జాబితాలోనూ వాల్మీకి ఉంది గానీ, అది శ్రీకాకుళం నుంచి పశ్చిమ గోదావరి దాకా ఉన్న జిల్లాల ఏజెన్సీ ప్రాంతాలకే పరిమితం. రాయలసీమ బోయలను ఎస్టీల్లో చేర్చాలని మన శాసనసభ 2017లోనూ, 2023లోనూ తీర్మానించింది. అయితే జాబితాను మార్చే అధికారం పార్లమెంటుదే కాబట్టి, శాసనసభ తీర్మానాన్ని సాధించిన హక్కుగా ప్రచారం చేసే నాయకుల మాటలు నమ్మి ఎవరూ దరఖాస్తులు పెట్టుకోకూడదు.

జవాబు 2 (కర్నూలు సభ్యురాలు):
పై మాట సరైనదే, కానీ గీతకు అవతల ఉన్నవారికే ఎప్పుడూ మేలు జరిగిందనుకోవద్దు. మేము సుగాలీలం. ఇక్కడ ఎస్టీలం, కర్ణాటకలో అదే లంబాణీలు ఎస్సీలు, మహారాష్ట్రలో బంజారాలు విముక్త జాతులు అనే వేరే వర్గం కింద ఉన్నారు. తెలంగాణ ప్రాంతపు లంబాడీలకైతే 1976 చట్టం తరువాతే ఎస్టీ హోదా దక్కింది. ఎరుకలవారు కూడా ఇక్కడ ఎస్టీలే, కొరచ, కొరమ పేర్లతో అక్కడ ఎస్సీలు. తీజ్ పండుగకు పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచడం గుత్తి దగ్గరి తండాలోనూ, బళ్లారి తండాలోనూ ఒకే తీరుగా ఉంటుంది. మా గురువు సేవాలాల్ మహారాజ్ జయంతికి గుత్తి దగ్గరి సేవాగఢ్‌లో మూడు రాష్ట్రాల వాళ్లమూ కలుస్తాము. ఏ ధ్రువపత్రం ఉందని అక్కడ ఎవరూ అడగరు.

జవాబు 3 (కడప సభ్యుడు):
ధ్రువపత్రం సంగతికి వస్తాను. ఒక రాష్ట్రంలో ఎస్టీ అయినవారు మరో రాష్ట్రానికి వలస వచ్చి అక్కడి రిజర్వేషను కోరలేరని సుప్రీంకోర్టు 1990లోనే తేల్చింది. అందువల్ల మీ కోడలికి మన రాష్ట్ర ఉద్యోగాల్లో, సీట్లలో ఎస్టీ కోటా రాదు. పెళ్లితో ఆమె పుట్టుక మారదు కనుక కర్ణాటకలో ఆమె హోదా అలాగే ఉంటుంది. పిల్లలకు సాధారణంగా తండ్రి కులాన్నే లెక్కిస్తారు. తల్లి వర్గంలోనే పెరిగారని రుజువైన సందర్భాల్లో కోర్టులు దీనికి మినహాయింపు ఇచ్చాయి గానీ, మీ పిల్లలు ఆదోనిలో మీ ఇంట్లోనే పెరుగుతున్నారు కాబట్టి బీసీ-ఏకే దరఖాస్తు చేయండి. ఆ వర్గానికి ఇక్కడ 7 శాతం, ఎస్టీలకు 6 శాతం రిజర్వేషను ఉన్నాయి. బళ్లారి చిరునామాతో ఎస్టీ పత్రం తెచ్చిపెడతామనే మధ్యవర్తులు ఆదోని బస్టాండు చుట్టూనే తిరుగుతుంటారు, వారి జోలికి పోకండి. తప్పుడు పత్రమని తేలితే సీటు, ఉద్యోగం రద్దు కావడమే కాదు, కేసు కూడా నమోదవుతుంది.