క్లాసులో "ఎందుకు నేర్చుకుంటున్నారు?" అని అడిగితే మీరేం చెప్పారు?

అచ్చుతప్పుల వేట

నాకు 47 ఏళ్లు. 22 ఏళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నాను. ఒత్తు పడిపోయిందా, దీర్ఘం జారిందా, ఒక పేజీలో ఒకలా ఇంకో పేజీలో ఇంకోలా పడిన పేరు ఏది సరైనది, ఇదే నా బతుకు. మూడు నెలల కిందట సాయంత్రం బ్యాచ్‌లో వెబ్ ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి చేరాను.

మొదటి రోజు మాస్టారు అందర్నీ వరసగా లేపి, ఇంతకుముందు ఏం చేసేవారు, ఇది ఎందుకు నేర్చుకుంటున్నారు అని అడిగారు. నాకంటే ముందు పదకొండు మంది చెప్పారు. కొత్త ఉద్యోగం అన్నారు, ఉన్న ఉద్యోగం మారాలన్నారు, ఇంట్లో ఉండి పనిచేసుకోవాలన్నారు. నా వంతు వచ్చేసరికి నోట్లోంచి "నేనూ ఉద్యోగం కోసమేనండీ" అని వచ్చేసింది. అది నిజం కాదు.

నిజం ఏమిటంటే, మా నాన్నగారు పోతూ పద్నాలుగు నోటుపుస్తకాలు వదిలి వెళ్లారు. ఆయన బడిపంతులు. వడ్రంగులు, కంసాలులు, కుమ్మరులు, నేతగాళ్లు పనిలో వాడే మాటలు ఎక్కడ విన్నా రాసుకునేవారు. మాట, దాని అర్థం, ఎవరి నోట విన్నారో ఒక ముక్క. కైవారం అంటే గుండ్రటి వస్తువు చుట్టుకొలత అని నేను చదివింది ఆ పుస్తకాల్లోనే. మా చెల్లెలు దూరాన ఉంటుంది. ఏదైనా మాట గుర్తొస్తే ఫోన్ చేసి "అన్నయ్యా, నాన్న ఫలానాదాన్ని ఏమనేవారు?" అని అడుగుతుంది. నేను పుస్తకాలన్నీ తిరగేసి చెప్పేసరికి ఒక రోజు పడుతుంది. తను మాట కొడితే నాన్న రాసింది కనబడే ఒక్క పేజీ చెయ్యాలి. దానికోసమే వచ్చాను.

చదువు బాగానే సాగుతోంది. మూయని ట్యాగు (పేజీలో ఏ భాగం ఏదో చెప్పే కోడ్ గుర్తు), ఒక పక్కనే ఉన్న కొటేషన్ గుర్తు నా కంటికి తొందరగానే చిక్కుతాయి. పక్కన కూర్చునే కుర్రాళ్లు "అంకుల్, ఒకసారి చూడరా" అని ల్యాప్‌టాప్ నా వైపు తిప్పుతారు. ఎర్రర్ చూపించే లైను ఒకటి, తప్పు ఉండేది దానికి పైన ఎక్కడో. ప్రూఫుల్లోనూ అంతే, పేజీ చివర లైను చెదిరిందంటే పైన ఎక్కడో ఒక మాట ఎక్కువ పడినట్టు. మింగుడు పడనిది మాత్రం ఒకటుంది. "స్త్రీ" అన్న మాటకి ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్‌లో లెంగ్త్, అంటే పొడవు, అడిగితే 6 అంది. నా కంటికి అది ఒక్క అక్షరం. స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం అని విడదీసి లెక్కపెడుతుందట. ఆ రాత్రి ఆ ఆరింటినీ వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ పడుకున్నాను.

అసలు సంగతికి వస్తాను. మాస్టారు నా మాట నమ్మారు. ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలు ప్రత్యేకంగా పంపిస్తున్నారు, చూపించుకోవడానికి ఏ ప్రాజెక్టులు చెయ్యాలో చెబుతున్నారు. నా కోసం ఆయన పెడుతున్న సమయం చూస్తుంటే మనసు ఒప్పుకోవడం లేదు. ఇప్పుడు చెబితే ఏమనుకుంటారో. నలుగురూ కొలువు కోసం కష్టపడుతున్న చోట నాన్న నోటుపుస్తకాల కోసం ఒక సీటు పట్టుకుని కూర్చోవడం సబబేనా?

మీలో పెద్ద వయసులో చేరినవాళ్లు ఏ పనిలోంచి వచ్చారు, ఎందుకు వచ్చారు? క్లాసులో అదే చెప్పారా?

---

కత్తెర

అన్నగారూ, నేను టైలర్ని. పదహారేళ్లుగా మిషన్ తొక్కుతున్నాను. నా దగ్గర నాలుగు కొలతల పుస్తకాలు ఉండేవి. రెండేళ్ల కిందట కుట్టించుకున్న మనిషి వచ్చి "పాత కొలతలే అమ్మా" అంటారు. ఆ పేజీ ఎక్కడుందో, దాని మీద నూనె మరక పడి అంకె కనబడుతుందో లేదో. పేరు కొడితే కొలతలు రావాలి, అంతే నా కోరిక. క్లాసులో అదే చెప్పాను. ఎవరూ నవ్వలేదు.

మీకు ప్రూఫులు పనికొచ్చినట్టే నాకు కత్తెర పనికొచ్చింది. సీఎస్‌ఎస్‌లో (పేజీ రూపం ఎలా ఉండాలో చెప్పే భాష) ఒక బాక్సుకి వెడల్పు 300 పిక్సెల్స్ అని ఇచ్చాం. లోపల రెండు పక్కలా 20 చొప్పున ప్యాడింగ్ అనే ఖాళీ, రెండు పక్కలా 5 చొప్పున బోర్డర్ అనే అంచు. తెర మీద చూస్తే 350 ఉంది. క్లాసులో సగం మంది కంప్యూటర్ తప్పు చేసిందన్నారు. నాకు మాత్రం వెంటనే వెలిగింది. నడుము 36 అంటే 36కే గుడ్డ కత్తిరిస్తామా? కుట్లకీ లూజుకీ కలుపుతాం. చిట్టీ మీద రాసిన అంకెలో ఆ కలిపింది ఉందా, ఇంకా కలపాలా అన్నది తెలియకపోతే గుడ్డ పాడైపోతుంది. బ్రౌజర్ మామూలుగా "ఇంకా కలపాలి" అనుకుంటుంది. బాక్స్ సైజింగ్ దగ్గర బోర్డర్ బాక్స్ అని రాస్తే "ఉన్నదాంట్లోనే సర్దు" అని చెప్పినట్టు, అప్పుడు 300 అంటే 300. ఆ రోజు మా మేడమ్ నన్నే బోర్డు దగ్గరికి పిలిచి చెప్పమన్నారు. చేతిలో టేపు లేకుండా కొలతల గురించి మాట్లాడటం నాకదే మొదలు.

ఒక దెబ్బ కూడా తిన్నాను, మీకు పనికొస్తుందని చెబుతున్నా. మొదటిసారి కొలతలన్నీ బ్రౌజర్‌లోని లోకల్ స్టోరేజ్‌లోనే దాచాను. ఫోన్ నెమ్మదించిందని మా అబ్బాయి బ్రౌజర్ డేటా మొత్తం తుడిచేశాడు. మూడు వారాలుగా ఎక్కించినవి పోయాయి. పుస్తకాలు పారెయ్యలేదు కాబట్టి మళ్లీ ఎక్కించుకున్నాను. నాన్నగారి పుస్తకాలు ఎక్కించేటప్పుడు ప్రతి పుస్తకానికీ ఒక ఫైలు విడిగా దాచి పెట్టుకోండి, రెండు చోట్ల.

సీటు సంగతి అడిగారు. ఫీజు కట్టి, రోజూ వెళ్లి, ఇచ్చింది చేసేవాళ్లదే సీటు.

---

సాయంత్రం బ్యాచ్

నేను తొమ్మిదేళ్లుగా పెద్దవాళ్లకి ఇదే చెబుతున్నాను, కాబట్టి బల్లకి ఇవతలి వైపు నుంచి రాస్తున్నా.

మీ మాస్టారు చేసిన తప్పే నేనూ నాలుగేళ్లు చేశాను. అందరి ముందూ నిలబెట్టి "ఎందుకు?" అంటే మొదట లేచినవాళ్లు చెప్పిందే చివరిదాకా పాకుతుంది. ఇప్పుడు కాగితం ముక్క ఇస్తాను. పేరు రాయక్కర్లేదు. రెండే ప్రశ్నలు: ఇప్పటిదాకా మీ చేతులు ఏ పని చేశాయి? ఈ క్లాసు అయిపోయాక తెర మీద ఏది కనబడితే మీకు తృప్తి? కాగితం మీద మనుషులు వేరే. పొద్దున "ఉద్యోగం" అన్న మనిషే సాయంత్రం కాగితం మీద "మా పాపకి సాయం చెయ్యాలి, అది అడిగితే నాకు తెలియడం లేదు" అని రాశారు.

ఒకాయన గురించి చెప్పాలి. యాభై దాటిన ఎలక్ట్రీషియన్. వాళ్లమ్మగారికి చూపు పోయింది, ఫోన్ చదివి వినిపిస్తుంటే అన్నీ తనే చేసుకుంటారు. ఒక ఫారం దగ్గర మాత్రం ఆగిపోయారట. పెట్టె మీదికి వెళ్తే "ఎడిట్ బాక్స్" అని వినబడుతుంది తప్ప అందులో పేరు రాయాలో, నంబరు రాయాలో చెప్పదు. ఎందుకలా అని తెలుసుకోవడానికే ఆయన చేరారు. ఆ పెట్టె పక్కన "పేరు" అని కంటికి కనబడుతోంది, కానీ కోడ్‌లో ఆ మాటకీ ఆ పెట్టెకీ తీగ కలపలేదు. లేబుల్ ట్యాగులో ఫర్ అని రాసి ఆ పెట్టె ఐడీ ఇస్తే కలుస్తుంది. తీగ అన్న మాట ఆయనదే. పెట్టె లోపల లేత రంగులో కనబడే ప్లేస్‌హోల్డర్‌ని లేబుల్ అనుకోవద్దనీ, రాయడం మొదలుపెట్టగానే అది మాయమైపోతుందనీ క్లాసులో అందరికీ ఆయనే చెప్పేవారు. వైకల్యం ఉన్నవాళ్లూ వాడుకునేలా వెబ్ పేజీలు ఎలా ఉండాలో చెప్పే డబ్ల్యూసీఏజీ అనే నియమావళి 1999 నుంచీ ఉంది. నేను దాన్ని చివరి వారంలో అరగంటలో చెప్పి వదిలేసేవాణ్ని. ఆయన వచ్చాక మొదటి వారంలోకి తెచ్చాను.

కారణం చిన్నదనుకుంటున్నారు కదా. 1989లో జెనీవా దగ్గరి భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌కి ప్రతిపాదన రాసిందెందుకు? అక్కడ మనుషులు వచ్చి పోతూ ఉంటే వాళ్లతోపాటు సమాచారమూ పోతోందని. పోయిన మనిషి దగ్గరున్నది పోకూడదు, అదీ ఆయన బెంగ. మీ పద్నాలుగు పుస్తకాల బెంగ వేరేదా? రాస్మస్ లెర్డార్ఫ్ 1994లో వెబ్ పేజీలు తయారుచేసే భాష పీహెచ్‌పీ మొదలుపెట్టింది కూడా, తన బయోడేటా పేజీని ఎవరెవరు చూస్తున్నారో తెలుసుకోవడానికి. సొంత అక్కరతో మొదలైన పనులే ఇవి.

మీ మాస్టారికి చెప్పండి. క్లాసు అయ్యాక, పక్కకి పిలిచి. ఆయన నొచ్చుకోరు. మీకు ఏ ప్రాజెక్టు ఇవ్వాలో తెలియక ఆయనే చీకట్లో బాణాలు వేస్తున్నారు. ఇంకో మాట, నా అనుభవంలో ఫంక్షన్లు (ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్కలు), రిటర్న్ విలువలు (అవి తిరిగిచ్చే జవాబులు) వచ్చే వారంలో ఎక్కువమంది మానేస్తారు. ఆ వారం దాటినవాళ్లలో చాలామందికి ఇంటి దగ్గర సగం కట్టిన పేజీ ఒకటి ఉంటుంది. అది పనిచెయ్యాలంటే ఈ ఫంక్షన్ రావాలి, కాబట్టి రేపూ వస్తారు.

---

రెండో షిఫ్ట్

పైన రాసినవన్నీ బాగున్నాయి, కానీ ఒక్కటి చెప్పాలి. నాకు 34. గోదాములో పార్సిళ్లు వేరుచేసే పని. నేను ఉద్యోగం కోసమే నేర్చుకుంటున్నాను, క్లాసులో అదే చెప్పాను, నాకు అది నిజం. "ఉద్యోగం" అనేది పైకి చెప్పే మాట, లోపల ఇంకేదో అందమైన కారణం ఉంటుంది అన్నట్టు మాట్లాడితే నాలాంటివాళ్లకి కష్టంగా ఉంటుంది. మా నడుములు పదేళ్లకి మించి ఈ బరువులు మొయ్యలేవు. నా కూతురికి నాలుగేళ్లు. ఇంతకంటే కారణం ఏం కావాలి?

నేనూ నా పనిలోంచే తెచ్చుకున్నాను. సర్వర్ (పేజీలు పంపే కంప్యూటర్) ఇచ్చే అంకెలు చెప్పినప్పుడు అందరూ బట్టీ పట్టారు. నాకు అక్కర్లేకపోయింది. 404 అంటే ఆ అడ్రసులో ఏమీ దొరకలేదు. 301 అంటే ఇల్లు మారిపోయారు, కొత్త అడ్రసు ఇదిగో, ఇకమీద అక్కడికే పంపండి. 503 అంటే ప్రస్తుతానికి తీసుకునే స్థితిలో లేం, తర్వాత రండి. ఏ పార్సిల్‌ని ఏ రాక్‌లో పడెయ్యాలో రోజూ చేసే పనే.

సార్, మీరు మాస్టారికి నిజం చెప్పండి. మీకు పంపుతున్న ఇంటర్వ్యూ ప్రశ్నలు మీ పక్కన కూర్చునే కుర్రాళ్లకీ పంపమనండి. వాళ్లకి అవి కావాలి.

---

అచ్చుతప్పుల వేట

అందరికీ నమస్కారం. పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను.

రెండో షిఫ్ట్ తమ్ముడూ, మీ మాట గుచ్చుకుంది, సరిగ్గానే గుచ్చుకుంది. నేను మీ అవసరం వెనక దాక్కున్నాను, అది బాగాలేదు. మాస్టారికి మొదట చెప్పింది ఇంటర్వ్యూ ప్రశ్నల సంగతే. ఇప్పుడు అవి బ్యాచ్ మొత్తానికి వెళ్తున్నాయి.

మాస్టారికి చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఒక పుస్తకం తెస్తారా, చూస్తాను" అన్నారు. తెల్లారి మూడో పుస్తకం తీసుకెళ్లాను. ఒక పేజీ చూసి, దీన్ని ఎలా విడదీస్తారు అని అడిగారు. మాట, అర్థం, విన్న చోటు అన్నాను. అవే మూడు అరలుగా పెట్టి, సమాచారాన్ని వరసగా రాసిపెట్టే పద్ధతి జేసన్‌లో రాయమన్నారు. కత్తెరమ్మా, రెండు చోట్ల దాచాను.

మూడు పుస్తకాలు గతంలోనే పాత డీటీపీ (అచ్చుకోసం పేజీలు కూర్చే) ఫాంటులో కొట్టి ఉన్నాయి. వాటిని కన్వర్టరుతో, ఇప్పుడు ఫోన్లూ కంప్యూటర్లూ వాడే అక్షరాల పద్ధతి యూనికోడ్‌లోకి మార్చాను. వెతికే పెట్టె పెట్టి చెల్లెలికి లింకు పంపితే తను మొట్టమొదట కొట్టింది "కైవారం". ఏమీ దొరకలేదని వచ్చింది. నేను ఫైలు తెరిచి చూస్తే మాట అక్కడే ఉంది. పెద్దది చేసి చూశాను. చెల్లెలు కొట్టినదాన్నీ ఫైల్లో ఉన్నదాన్నీ పక్కపక్కన పెట్టి, పట్టీ అడ్డం పెట్టి, ప్రూఫు చూసినట్టు ఒక్కో అక్షరం చూశాను. తేడా లేదు. ఇన్నేళ్లలో కళ్లెదుట ఉన్న తప్పు నా కంటికి ఆనకపోవడం ఇదే మొదటిసారి.

అప్పుడు స్త్రీ గుర్తొచ్చింది. రెండింటికీ లెంగ్త్ అడిగాను. చెల్లెలిది 6, ఫైల్లోది 7.

పాత ఫాంటులో ఐత్వం రెండు ముక్కలు, పైన ఎత్వం, కింద ఇంకో గుర్తు. కన్వర్టరు ఆ రెండు ముక్కల్నీ అలాగే తెచ్చింది. చెల్లెలి ఫోను ఐత్వాన్ని ఒకే గుర్తుగా కొడుతుంది. తెర మీద రెండూ ఒకేలా కనబడతాయి, పోల్చేటప్పుడు మాత్రం వేరు. మాస్టారిని అడిగితే జావాస్క్రిప్ట్‌లో 2015 నుంచీ ఇలాంటి రెండు రకాల రాతనూ ఒకే రూపంలోకి తెచ్చే నార్మలైజ్ అని ఒకటుందని చూపించారు. ఫైల్లోని మాటకీ వెతికే మాటకీ రెండింటికీ అది తగిలించాను. పై, కై, చై, మై ఉన్న మాటలన్నీ ఒక్కసారిగా దొరకడం మొదలుపెట్టాయి.

రాత్రి చెల్లెలికి ఫోన్ చేసి మళ్లీ కొట్టమన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత నాన్న రాసిన ముక్క పైకి చదివింది. "కైవారం: బండి చక్రానికి పట్టా వేసేముందు తాడుతో చుట్టి కొలిచేది. వడ్రంగి మేస్త్రి చెప్పగా." చదివి, "ఇంకోటి కొట్టనా అన్నయ్యా?" అంది. గంటన్నర కొడుతూనే ఉంది. ఇంకా పదకొండు పుస్తకాలు ఎక్కించాలి.